వాయిదాల కూర్మయ్యగారు

కూర్మయ్యగారు ఏ పనీ పూర్తి చేసేవారు కాదు. చేతకాక కాదు, ఒళ్ళు వంగక అంతకన్నా కాదు. 'అయిపోయింది' అన్న మాట ఆయన చెవికి తిట్టులా వినబడేది. వృత్తి ప్లీడరీ. ప్లీడర్లన్నాక అందరూ వాయిదాలు అడుగుతారు. మిగతావాళ్ళు కేసు నడపడానికి వాయిదా అడిగితే, మా కూర్మయ్యగారు వాయిదా అడగడానికే కేసు పట్టేవారు. ఆయన వాదించగా విన్నవాళ్ళెవరైనా కలకత్తాలో ఉన్నారేమోనని నేను చాలాకాలం ఆరా తీశాను. దొరకలేదు. బెంగాలీ ప్లీడర్లు ఆయన్ని 'తారీఖ్ బాబు' అనేవారు. ఖిదిర్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఇంకాస్త మర్యాద తగ్గించి 'వాయిదాల కూర్మయ్య' అనేవారు. శ్రీకూర్మం దేవుడికి మొక్కుకుంటే పుట్టాడట. "తాబేలు దేముడి పేరెట్టీసి, మరి పరిగెట్టమంటే ఏటి పరిగెడతాడు?" అనేది ఓడరేవు డాక్ గేటు దగ్గర ఇడ్లీలమ్మే జగ్గమ్మ.

నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరింది ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన రెండో ఏడు. మా నాన్న డాకులో బస్తాలు మోసి నన్ను లా చదివించాడు. చదువు పూర్తయిన మర్నాడే నన్ను వెంటబెట్టుకుని కూర్మయ్యగారి ఇంటికి తీసుకెళ్ళాడు.

"బాబూ, మావోడు పేసయినాడు. మీకాడ ఎట్టుకోవాల."

కూర్మయ్యగారు పడక కుర్చీలో వెనక్కి వాలి, నన్ను కింద నుంచి పైకి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచారు. "మంచిదే. పెట్టుకుంటాను. ఇవాళ కాదు."

"మరెప్పుడు బాబూ?"

"సోమవారం చూద్దాం."

ఏ సోమవారమో చెప్పలేదు. నేను ప్రతి సోమవారం వెళ్ళి వరండా బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఆయన వచ్చి, చూసి, నిట్టూర్చి, "సోమవారం" అనేవారు. ఎవరూ నన్ను చేర్చుకోలేదు, ఎవరూ పొమ్మనలేదు. అలా వస్తూ పోతూ ఒకరోజు చూసుకుంటే ఆయన కాగితాల కట్ట నా చంకలో ఉంది, నేను ఆయన వెనకాల కోర్టు మెట్లెక్కుతున్నాను. నా ఉద్యోగం ఇప్పటికీ ఖాయం కాలేదనే నా అనుమానం.

ఆయన మనిషి కూడా వేరే కాలం మనిషి. వయసులో ఉన్నప్పుడు ఒక ముసలి తెల్లదొర ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి ప్లీడరీ చదువుకున్నారు. దొర మహారాణి విక్టోరియా కాలం నాటి వాడు. దొరలు ఓడెక్కి వెళ్ళిపోతూ సామానంతా తీసుకెళ్ళారు గాని, తమ ఇంగ్లీషు మాత్రం బరువని కూర్మయ్యగారి దగ్గర దిగబెట్టి వెళ్ళారు. ఆయన వాక్యం మొదలుపెడితే అందులో మూడు నాలుగు గదులు, ఒక వసారా, పెరడు ఉండేవి. క్రియాపదం పెరట్లో ఎక్కడో దాక్కునేది. అది దొరికేసరికి టైపు కొట్టే మనిషి వేళ్ళు విరుచుకునేవాడు, జడ్జిగారు గడియారం చూసుకునేవారు. గట్టి కాలరు, నల్లకోటు, చేతిలో గొడుగు. వైశాఖం ఎండలో ఖిదిర్‌పూర్ ట్రాము దిగి ఆయన నడిచొస్తుంటే చూసేవాళ్ళకే చెమట పట్టేది.

పెళ్ళి సంగతి ఆయన భార్య అమ్మన్నమ్మగారే చెప్పింది. నిశ్చితార్థమయ్యాక ముహూర్తం పెడితే ఈయన ఏదో అడ్డం చెప్పి వెనక్కి జరిపించాడట. మళ్ళీ పెడితే మళ్ళీ జరిపించాడట.

"మా నాయన ఇసిగిపోనాడు సత్యారావూ. ఇచ్ఛాపురంలో రైలెక్కించి నన్నిక్కడికే అట్టుకొచ్చీసినాడు. తలుపు కొట్టి, 'అల్లుడూ, పెళ్ళి నువ్వు తెస్తావా, నన్ను తెమ్మన్నావా? నేనే తెచ్చీసినాను' అన్నాడు. ఈ మహానుబావుడు ఏటన్నాడో తెలుసా?"

"ఏమన్నారండీ?"

"ముందు కాఫీ తాగండి, తరవాత చూద్దాం అన్నాడు!"

కుర్చీలోంచి కూర్మయ్యగారు కళ్ళు తెరవకుండానే, "ఏం, కాఫీ బాగాలేదా?" అన్నారు.

ఒకసారి దవడ పన్ను పుచ్చిపోయింది. డాక్టరు పీకేస్తానన్నాడు. ఈయన వచ్చే వారమన్నారు. బుగ్గ బూరెలా వాచింది. అయినా వచ్చే వారమే. చివరికి ఒక పొద్దున్న అరటిపండు తింటుంటే పన్ను దానంతటదే ఊడి చేతిలో పడింది. దాన్ని నాకు చూపించి, ఎంతో తృప్తిగా, "చూశావా, రాజీ కుదిరింది" అన్నారు.

కోర్టులో ఆయన పక్కన నిలబడడం నాకు తల కొట్టేసినట్టుండేది. నా తోటి కుర్రాళ్ళు చేతులూపి వాదిస్తున్నారు, సాక్షుల్ని ఏడిపిస్తున్నారు, పేపర్లో పేర్లు వేయించుకుంటున్నారు. నేను మాత్రం కట్టలు మోసుకొచ్చి, మోసుకెళ్ళి, చొక్కా భుజం చిరిగేలా తయారయ్యాను. ఆ రోజుల్లో కలకత్తాలో వాయిదాకి కారణం వెతుక్కోవలసిన అవసరం లేదు, ఊరే ఇచ్చేది. ఒకరోజు బంద్. ఒకరోజు ఊరేగింపు. వానొస్తే నీళ్ళు. ఏమీ లేని రోజు కరెంటు ఉండదు.

"నిన్నటి వానకి మా వీధిలో నడుములోతు నీళ్ళు, యువర్ ఆనర్."

"మీరు పొడిగానే ఉన్నారే?"

"నేను ఎలాగో వచ్చాను. కాగితాలకి ఈత రాదు."

ఇంకోసారి సరిగ్గా ఆయన లేచి నిలబడగానే కరెంటు పోయింది. కూర్మయ్యగారు పైన ఆగిపోయిన ఫ్యాను వైపు భక్తిగా చూశారు. జడ్జిగారు, "కిటికీలోంచి వెలుతురు వస్తోంది, వాదించండి" అన్నారు. "నా వాదన చాలా సన్ననిది యువర్ ఆనర్. ఈ వెలుతురులో కనబడదు" అన్నారీయన.

మా కేసుల్లో తరచూ అవతలి పక్షాన ఉండే ప్లీడరు ఘోషాల్ బాబు ప్రతిసారీ ఎగిరి అభ్యంతరం చెప్పేవాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఓడ కూతలా ఉండేది. ఒకరోజు కూర్మయ్యగారు కడుపునొప్పి అన్నారు. ఘోషాల్ బాబు లేచి, "యువర్ ఆనర్, ఇప్పుడే క్యాంటీన్లో ఈయన చేపల వేపుడు తింటుండగా నేను కళ్ళారా చూశాను!" అని అరిచాడు.

"అదేనండి కారణం" అన్నారు కూర్మయ్యగారు.

ఇన్ని నవ్వుల మధ్య వాయిదా దొరికేది. కాని బయటికొచ్చాక ఆయన మెట్ల మీద కూలబడిపోయేవారు. కాలరు ఊడదీసి, కళ్ళు మూసుకుని, ముఖమంతా వడలిపోయి, కొండలెక్కి దిగినవాడిలా.

"అంత అలసట దేనికండీ? మాట్లాడింది నాలుగు ముక్కలే కదా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"వాదించడానికి నోరుంటే చాలురా. వాయిదా అడగడానికి ముఖం కావాలి. పూటకో కొత్త ముఖం ఎక్కణ్ణించి తేను?" అన్నారు.

అప్పుడు అది కూడా హాస్యమే అనుకున్నాను.

వచ్చిన కక్షిదార్లు నిలిచేవారా అంటే అదీ లేదు. సోములు, గురవమ్మ అని భార్యాభర్తలు విడాకులకి వచ్చారు. మేం సోములు తరఫు. అతను క్రేను కింద పనిచేసేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కూర్మయ్యగారు పద్ధతిగా వాయిదాలు మొదలుపెట్టారు. కోర్టు వరండాలో ఉన్నది ఒకటే బల్ల, దాని మీద ఆ కొస ఆమె, ఈ కొస ఇతను. కొన్నాళ్ళకి గురవమ్మ కోపంగానే, "అన్నం తిన్నావేటి?" అని గోడని అడిగింది. ఇంకొన్నాళ్ళకి మరమరాల ఝాల్ మూడీ పొట్లం ఒకటే కొనుక్కున్నారు. ఆ తరవాత వాయిదాకి గురవమ్మ పెద్ద పొట్టతో వచ్చింది. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఈమె విడాకులు కోరుతున్నదెవరి నుంచి?" అన్నారు. సోములు సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు.

"కేసు పోయిందండీ" అన్నాను నేను, బయటికొచ్చి.

"పోయింది" అన్నారు కూర్మయ్యగారు దిగులుగా. బారసాలకి మాత్రం పిలిచారు. వెళ్ళాం.

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది, ఊరి పనులు. మేముండే తెలుగువాళ్ళ గుడిసెల బస్తీకి కుళాయి కావాలని నీళ్ళ ఆఫీసుకి అర్జీ పెట్టారు. వాళ్ళు రేపు రమ్మన్నారు. రేపు రమ్మనడమంటే ఏమిటో కూర్మయ్యగారికి నేర్పడానికి వాళ్ళెవరు? ఆయన రేపు వెళ్ళారు. ఆ మరునాడూ వెళ్ళారు. గొడుగు మీద రెండు చేతులూ ఆనించి, గుమాస్తా ఎదురుగా కూర్చుని, ఏమీ అడక్కుండా, నిట్టూరుస్తూ ఉండేవారు. ఆయన నిట్టూర్పులకి ఆ గది మొత్తానికి నీరసం వచ్చింది. ఒక పెద్ద గుమాస్తాకి ఆకలి చచ్చిపోయిందట. చివరికి ఆయన బాధ పడలేక కుళాయి వేశారు. మంచి రోజు చూసి ప్రారంభిద్దామని కూర్మయ్యగారు అంటుండగానే జగ్గమ్మ బిందె పట్టీసింది. అలాగే రేకుల షెడ్డులో తెలుగు బడి పెట్టించారు. బస్తీ బయట కార్పొరేషన్ స్థలంలో మరుగుదొడ్లు కట్టించారు. ఇవన్నీ ఎలా పూర్తయ్యాయని అడిగితే, "వాళ్ళు అలిసిపోయారు, నేను అప్పటికే అలిసిపోయి ఉన్నాను. తేడా అంతే" అనేవారు.

ఇక ఆయన జీవితమంతా మోసిన కేసు ఒకటుంది. మా బస్తీ కేసే. బెంగాలీలు మద్రాసీ బస్తీ అంటారు. మా తాతల కాలంలో డాకు కంట్రాక్టరొకడు శ్రీకాకుళం వైపు నుంచి మనుషుల్ని తోలుకొచ్చి, ఖాళీగా ఉన్న నేల చూపించి, ఇక్కడ గుడిసెలు వేసుకోండన్నాడు. వేసుకున్నారు. నేల నందీ బాబులనే బెంగాలీ ఆసాములది. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఏమీ అనలేదు. ఆయన పోగానే కొడుకులు గోదాములు కట్టుకోవాలని, బస్తీని ఖాళీ చేయించమని దావా వేశారు. ఇవతల కూర్మయ్యగారు, అవతల ఘోషాల్ బాబు. నేను బళ్ళో ఉండగా మొదలైన కేసు, నేను ప్లీడరై కట్టలు మోసేనాటికి అలాగే ఉంది. జడ్జీలు మారారు. కొందరు రిటైరయ్యారు. ఘోషాల్ బాబు జుట్టు నెరిసి, ఆ నెరిసినదీ పోయింది.

"మన కాగితాలేవి గురువుగారూ? పట్టాలో, అద్దె రసీదులో, ఏదో ఉంటుంది కదా?" అని నేను అడిగేవాణ్ణి.

"ఉండాలి. వెతకాలి. ఇవాళ కాదు" అనేవారు.

ఈ వాయిదాల వల్ల బస్తీకి ఒక చిక్కొచ్చిపడింది. తీర్పు వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచాలని కోర్టు ఉత్తర్వు. ఇటుక మీద ఇటుక పెట్టకూడదు, రేకు మార్చి స్లాబు వేయకూడదు. ప్రతి వానాకాలం తడికెలు తడిసి, మంచాల కింద నీళ్ళు. పిల్లలకి దగ్గులు. సంబంధాలకి వచ్చినవాళ్ళు ఇల్లు చూసి వెళ్ళిపోయేవారు. జనానికి ఓపిక అయిపోయింది. కూర్మయ్యగారు వీధిలో నడిచి వెళ్తుంటే, "అదుగో, ఎల్తన్నాడు. కొంపకి చేరీసరికి దసరా అయిపోద్ది" అని వినబడేటట్టే అనేవారు. ఆయన తల వంచుకుని గొడుగు సాయంతో వెళ్ళిపోయేవారు.

ఆ ఏడు వాన మరీ దంచేసింది. బంగారయ్య ఇంటి గోడ కూలి ముసలాయన కాలు విరిగింది. దాంతో అప్పలసూరి లేచాడు. క్రేను నడిపేవాడు, యూనియన్లో మనిషి, మాట పెట్రేగితే నినాదమైపోయేది. ఆదివారం పొద్దున్న బడి షెడ్డులో మీటింగు పెట్టాడు. బస్తీ అంతా వచ్చింది. కూర్మయ్యగారు కూడా వచ్చి, వెనక వరసలో పిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

"గురువుగారి మీద మాకు కోపం నేదు" అని మొదలెట్టాడు అప్పలసూరి. "పెద్దాయన. కుళాయేయించినాడు, బడెట్టించినాడు. కాదన్ను. గానీ ఇదేటి దాదా, మా తాత పోనాడు, మా బాబు పోనాడు, కేసు పోదే! గెలిస్తే గెలుద్దుం, ఓడితే ఓడుదుం. ఏదో ఒకటి తేలాల. ఈ తారీఖుల బతుకు చోల్బే నా!"

"చోల్బే నా!" అన్నారు జనం, ఇక సాగదని.

జగ్గమ్మ లేచింది. "నానొకటి అడగతాను. బాబూ, మీరు మొకం తిప్పుకోకండి. మా బంగారయ్య గోడ కూలినపుడు మీకేటీ అనిపించనేదా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరిప్పి ఆ జెడ్జీకి సెప్తే మీ సొమ్మేటి పోద్ది?"

షెడ్డంతా వెనక్కి తిరిగి చూసింది. కూర్మయ్యగారు చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నారు. నిజంగా ఏదో చెప్పబోతున్నారనుకున్నాను.

"ఈ మీటింగు వచ్చే ఆదివారానికి పెట్టుకుంటే..." అన్నారు.

ఆ తరవాత రేగిన గోలకి పావురాలు లేచిపోయాయి. కేసు ఆయన చేతిలోంచి తీసేసి వేరే ప్లీడరుకి ఇవ్వాలని అందరూ చేతులెత్తారు. పక్కన గోడకి ఆనుకుని ఉన్న నేను చెయ్యి ఎత్తాలో వద్దో తెలియక మెడ గోక్కున్నాను.

కట్ట ఇవ్వడానికి కూడా ఆయన వాయిదా వేస్తారనుకున్నాం. వేయలేదు. తీసి నా చేతిలో పెట్టారు. "సన్యాల్ బాబు దగ్గరికే వెళ్ళండి. ఉన్నమాట చెబుతాడు" అన్నారు. అంతే. వాయిదా అడగని కూర్మయ్యగారిని అప్పుడే మొదటిసారి చూశాను. ఎందుకో భయమేసింది.

సన్యాల్ బాబు అప్పట్లో ఊరంతటికీ పేరున్న ప్లీడరు. గొంతెత్తితే కేసు ముగిసినట్టేనని చెప్పుకునేవారు. నేను, అప్పలసూరి, జగ్గమ్మ ట్రాములో వెళ్ళాం. అంతటి మనిషి మా చిరిగిన కట్ట విప్పి, దిండు మీద వాలి, మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివాడు. చదివి తలెత్తాడు.

"మీ దగ్గర పట్టా ఉందా?"

"నేదు బాబూ."

"అద్దె కట్టిన రసీదు?"

"అద్దె ఎవులు అడిగినారని?"

"ఎవరైనా, ఎప్పుడైనా రాసిచ్చిన చిన్న ముక్క?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకుని, "అవి మా గురువుగారి దగ్గర ఉంటాయి, వెతకాలన్నారు" అన్నాను.

సన్యాల్ బాబు నా వైపు జాలిగా చూశాడు. "ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా దాఖలు చేయరా, భాయ్? ఏమీ లేదు. ఈ కేసులో మీకు ఏమీ లేదు. పొద్దున్న వాదనకి వస్తే మధ్యాహ్నం లోపు ఓడిపోతారు. తరవాత పోలీసులు, గునపాలు. మొదటి రోజు నుంచీ అంతే." కట్ట మళ్ళీ ముడి వేశాడు. పాత సంగీతం విన్నవాడిలా మెల్లగా తల ఊపాడు. "నాకు గెలవడం తెలుసు. ఓడిపోవడమూ తెలుసు. గెలవకుండా, ఓడిపోకుండా ఇంతకాలం నిలబడడం నాకు రాదు. తీసుకెళ్ళి ఆయనకే ఇవ్వండి. నా నమస్కారం చెప్పండి."

తిరుగు ట్రాము ఎక్కాం. అప్పలసూరి కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. జగ్గమ్మ మాత్రం మధ్యమధ్య, "ఓలమ్మో... ఓలమ్మో..." అనుకుంటోంది.

మేం వెళ్ళేసరికి కూర్మయ్యగారు పడక కుర్చీలో ఉన్నారు. అమ్మన్నమ్మగారు వేడినీళ్ళ బేసిన్లో ఆయన పాదాలు పెట్టి, వాచిన చీలమండలు ఒత్తుతోంది. మా చేతిలో కట్ట చూసి ఆయనకి అర్థమైపోయింది.

"చెప్పేశాడా?" అన్నారు.

జగ్గమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. "ఇన్నాళ్ళూ మాకెందుకు సెప్పనేదు బాబూ? మేం తిడతంటే పడి ఊరుకున్నారు. ఎదవ బతుకు, ఎన్ని మాటలన్నాం!"

కూర్మయ్యగారు జగ్గమ్మ వైపు తిరిగి కూర్చున్నారు. తరవాత అలసిన గొంతుతో, ఆ దొర ఇంగ్లీషూ ఆ ప్లీడరు తెలుగూ రెండూ లేకుండా, మా ఊరి మాటే మాట్లాడారు.

"సెప్తే ఏటి సేసీవోరే జగ్గమ్మా? నేల మనది కాదు, రేపో మాపో తోలీస్తారని తెలిస్తే నీకు రాత్రి కంటి మీద కునుకు పడతాదా? గుంటల్ని బడికంపుతారా? పెళ్ళిళ్ళు సేస్తారా? మూటలు కట్టుకుని గుమ్మంలో కూకుంటారు. అదీ ఒక బతుకేనా? కూర్మయ్య ఒట్టి సోమరోడు, ఆడి వల్లే ఆలస్యం అనుకున్నారనుకో, నన్ను తిట్టుకుని పడుకుంటారు. తిట్టుకున్నోళ్ళకి మంచి నిద్ర పడతాది."

మామూలుగా రెండు వేళ్ళు కలిస్తే పిడికిలయ్యే అప్పలసూరి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. అమ్మన్నమ్మగారు ఒత్తడం ఆపకుండా, "ఈ మాట నాకూ ఇప్పుడే తెలిసింది" అంది.

ముందుగా తేరుకున్నది జగ్గమ్మే. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, "అదంతా సరే గాని, ఆ కోటన్నా ఉతికించుకోవాల కదేటి? దాని మీద కూడా మా కేసే ఉన్నాదా?" అంది.

కూర్మయ్యగారు నవ్వారు. నవ్వితే ఆ ఊడిన పన్ను సందు కనబడింది.

ఆ రోజు నుంచి బస్తీలో ఆయన్ని తిట్టేవాళ్ళు లేకుండా పోయారు. ఆయనకది కొంచెం వెలితిగానే ఉండేది. అప్పలసూరి అయితే ఉత్సాహం పట్టలేక, "తారీఖు సెప్పండి గురువుగారూ, ఆ రోజు మావోళ్ళతో రోడ్డు ఆపించీస్తాను. జెడ్జీ కారు కదలదు" అన్నాడు.

"వద్దు నాయనా. నేను ఇంతవరకూ అబద్ధం కారణం చెప్పలేదు. చేపల వేపుడు కూడా నిజమే" అన్నారు కూర్మయ్యగారు.

వాయిదాలు మళ్ళీ సాగాయి. ఈసారి కట్ట మోస్తున్నప్పుడు నా భుజానికి బరువు వేరేగా ఉండేది. ఆయనకి మెట్లెక్కడం కష్టమైంది. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి నిట్టూర్చేవారు. పైన జడ్జీలు కుర్రవాళ్ళయ్యారు. అవతల నందీ అన్నదమ్ముల్లో పెద్దవాడు పోయాడు, రెండోవాడు మంచం పట్టాడు. కేసు ఆ పెద్దవాడి కొడుకు చేతికొచ్చింది. నలభై దాటిన మనిషి, వాళ్ళ నాన్న వెనకాల చిన్నప్పుడు ఈ వరండాలోనే తిరిగినవాడు. ఒకరోజు వాయిదా అయ్యాక ఆ అబ్బాయి వచ్చి కూర్మయ్యగారి పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"ఆర్ పార్ఛి నా, ఉకీల్ బాబు" అన్నాడు. ఇక నా వల్ల కాదని.

"నా వల్లా కాదు నాయనా" అన్నారు కూర్మయ్యగారు.

ఇద్దరూ కలిసి కాసేపు నిట్టూర్చారు. ఆ నిట్టూర్పుల్లోంచే సంధి పుట్టింది. రోడ్డు వైపు ముక్క నందీలకి వదిలేస్తే చాలు, అక్కడున్న కొద్ది ఇళ్ళూ వెనక్కి జరుపుకుంటే, మిగతా నేల బస్తీవాళ్ళ పేర రాసిస్తానన్నాడు. "వచ్చే వారం మాట్లాడదామా?" అని కూడా తనే అన్నాడు, ఈయన సంగతి తెలిసినవాడు కనుక.

కూర్మయ్యగారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వచ్చే వారమా? పిచ్చివాడా, ఇప్పుడే!" అని ఆ బల్ల మీదే కాగితం తెప్పించి రాజీ పత్రం రాయించడం మొదలెట్టారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. భోజనం లేదు, కాఫీ లేదు. క్రియాపదాలన్నీ ముందే వచ్చాయి.

రాజీ కోర్టులో దాఖలైన రోజు బస్తీ అంతా కదిలి వచ్చింది. ఆ కుర్చీలో ఉన్న జడ్జిగారు ఒకావిడ, వయసులో చిన్నది. రెండు పక్షాలూ ఒప్పుకున్నట్టు చదివి, సంతకం చేసి, "మిస్టర్ కూర్మయ్యా, మీరేమైనా చెప్పాలా?" అని అడిగింది. కోర్టంతా ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్ళకి ఆయన వాదన వినబోతున్నామని నేనూ ముందుకి వంగాను.

కూర్మయ్యగారు లేచారు. "నో, యువర్ ఆనర్" అన్నారు. ఆయన జన్మలో ఇంగ్లీషులో చెప్పిన అతి చిన్న వాక్యం అదే. చెప్పి కూర్చున్నారు.

ఘోషాల్ బాబు నా పక్కకి జరిగి, చెవిలో, ఆ ఓడ గొంతుని ఎంతో కష్టపడి తగ్గించి, "ఎదురు చెప్పడం నా వృత్తి. గట్టిగానే చెప్పాను. ఏ రోజైనా రెండోసారి చెప్పానేమో గుర్తు తెచ్చుకో" అన్నాడు. గుర్తు తెచ్చుకున్నాను. చెప్పలేదు.

తరవాతి కేసు పిలిచారు. మేం లేవాలి. కూర్మయ్యగారు కదల్లేదు. వంగి చూస్తే, గడ్డం ఛాతీ మీద ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లాడిలా నిద్రపోతున్నారు. అంతలోనే గురక మొదలైంది. చిన్నదేం కాదు. బంట్రోతు లేపడానికి వచ్చాడు. ఘోషాల్ బాబు కళ్ళెర్రజేసేసరికి వెనక్కి తగ్గాడు. జడ్జిగారు ఒకసారి అటు చూసి, ఇటు చూసి, తరవాతి ప్లీడరుతో, "కొంచెం మెల్లగా వాదించండి" అంది.

జగ్గమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని కొంగుతో విసరసాగింది. గురక ఎత్తుకుని, సాగి, మలుపులు తిరిగి, ఇక ఆగిపోయిందనుకునేసరికి ఇంకో పక్క నుంచి మళ్ళీ మొదలయ్యేది. జగ్గమ్మ కాసేపు శ్రద్ధగా విని, నా వైపు వంగి, రహస్యంగా అంది:

"సత్యారావూ, సూడు, గురక కూడా ఇంగిలీసులోనే ఎడతన్నాడు."